థాయ్‌లాండ్‌లో అద్దె ఇల్లు, ఇమ్మిగ్రేషన్ కాగితాలు: నా అనుభవం

ఉద్యోగం మీద బ్యాంకాక్ వచ్చే మనవాళ్లందరి దృష్టీ వీసా మీదే ఉంటుంది. నిజానికి వీసా, వర్క్ పర్మిట్ పనులు చాలావరకు కంపెనీ హెచ్‌ఆర్ చూసుకుంటుంది. మన నెత్తిన పడేది, ముందుగా ఎవరూ చెప్పనిది చిరునామా సంగతి. మనం ఏ ఇంట్లో ఉంటున్నామో ఇమ్మిగ్రేషన్ వాళ్ల కంప్యూటర్‌లోకి సరిగ్గా ఎక్కకపోతే 90 రోజులకోసారి చిరునామా చెప్పే రిపోర్టు ఆగుతుంది, బస గడువు ఏడాది పొడిగింపు ఆగుతుంది, డ్రైవింగ్ లైసెన్స్‌కి కావాల్సిన నివాస ధ్రువపత్రం కూడా రాదు. ఇక్కడ ఉంటూ నేను చూసిన చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలయ్యాయి. అందుకే ఇల్లు వెతకడం దగ్గర్నుంచి చెప్పుకొస్తాను.

ఆ చిరునామాను నమోదు చేసే కాగితం పేరు టీఎం30. 1979 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలో 38వ సెక్షన్ ప్రకారం, విదేశీయుడికి బస ఇచ్చిన ఇంటి యజమాని ఆ మనిషి వచ్చిన 24 గంటల్లోపు ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేయాలి. హోటళ్లు ఈ పని రోజూ చేస్తూనే ఉంటాయి కాబట్టి, టూరిస్టుగా వచ్చినప్పుడు ఇలాంటిదొకటి ఉందనే మనకు తెలియదు. అద్దె ఇంట్లో దిగితే ఓనరే చేయాలి. చేయకపోతే మామూలు ఇళ్లకు 2,000 బాత్‌ల వరకు జరిమానా. అది కట్టాల్సింది ఓనరే అయినా, కౌంటర్ ముందు నిలబడి ఉండేది మనం. పని ఆగేది మనకు. అందుకని చాలామంది అద్దెదారులు ఆ జరిమానా తామే కట్టి బయటపడతారు.

ఇల్లు నచ్చగానే డిపాజిట్ ఇచ్చేయకండి. ఇక్కడ మామూలుగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు అద్దె అడుగుతారు. ఆ డబ్బు చేతులు మారకముందే ఏజెంటు ద్వారా ఓనర్‌ను రెండు విషయాలు అడగాలి: టీఎం30 మీరే వేస్తారా? వేయకపోతే నేను వేసుకోవడానికి కాగితాలు ఇస్తారా? డబ్బు ఇచ్చాక అడిగితే జవాబు రావడానికే వారాలు పడుతుంది. అద్దె ఆదాయం పన్ను లెక్కల్లోకి వస్తుందేమోనని వెనకాడే ఓనర్లు ఉంటారు. అసలు ఈ నిబంధనే తెలియనివాళ్లూ ఉంటారు. తెలియనివాళ్లతో ఇబ్బంది లేదు, చెబితే చేస్తారు. వెనకాడేవాళ్ల ఇల్లు ఎంత బాగున్నా వదిలేయమనే నా సలహా. అద్దె ఒప్పందంలోనే ‘ఓనర్ టీఎం30 వేయాలి లేదా సంతకం చేసిన కాగితాలు ఇవ్వాలి’ అని ఒక వాక్యం రాయించుకుంటే తర్వాత అడగడానికి ధైర్యం ఉంటుంది.

ఓనర్ నుంచి కావాల్సినవి: ఆయన ఐడీ కార్డు జెరాక్స్, ఆ ఇంటి ‘తబియన్ బాన్’ జెరాక్స్ లేదా యాజమాన్య పత్రం జెరాక్స్, అద్దె ఒప్పందం. తబియన్ బాన్ అంటే నీలం అట్ట ఉన్న ఇంటి రిజిస్ట్రేషన్ పుస్తకం. మన రేషన్ కార్డులాగా ఇంట్లో ఎవరెవరు నమోదై ఉన్నారో అందులో ఉంటుంది. పొరపాటు జరిగేది ఇక్కడే. ఓనర్ తాను నివసించే ఇంటి పుస్తకం జెరాక్స్ తీసి ఇచ్చేస్తాడు. మనకు కావాల్సింది మనం అద్దెకుంటున్న కాండో (ఫ్లాట్) తాలూకు పుస్తకం. అందులో ఎవరి పేరూ లేకుండా ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, ఇంటి నంబరు ఉంటే చాలు.

ప్రతి జెరాక్స్ మీదా ఓనర్ సంతకం ఉండాలి, నీలం ఇంకుతో అయితే మంచిది. థాయ్ వాళ్లు ఐడీ కార్డు జెరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా రెండు ఏటవాలు గీతలు గీసి, ఆ గీతల మధ్య ‘ఫలానా పనికి మాత్రమే’ అని రాసి, కింద సంతకం పెడతారు. వేరే పనికి ఎవరూ వాడకుండా ఉండేందుకు ఆ జాగ్రత్త. ‘టీఎం30 కోసం మాత్రమే, ఫలానా అద్దెదారు’ అని రాసి ఇవ్వండి చాలు అని మనమే చెబితే, మొహమాటపడే ఓనర్ కూడా కాస్త నిశ్చింతగా ఇస్తాడు. ఓనర్ తరఫున ఆఫీసుకు మనమే వెళ్తుంటే ఆథరైజేషన్ లెటర్ కావాలి. దానికి 10 బాత్‌ల స్టాంపు అంటించాలి.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. చట్టంలో ఇంటి యజమాని అనే మాటకు అర్థం సొంతదారు ఒక్కడే కాదు, ఇంటిని స్వాధీనంలో పెట్టుకున్న ముఖ్యుడు, అద్దెదారైనా సరే. అంటే అద్దె ఒప్పందం మన పేరు మీద ఉంటే మనమే టీఎం30 వేయవచ్చు. ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిచి, ఓనర్ కాగితాలు, ఒప్పందం అప్‌లోడ్ చేస్తే వాళ్లు పరిశీలించి ఆ ఇంటిని మన అకౌంట్ కిందికి చేరుస్తారు. ఆ తర్వాత ఎవరు వచ్చి ఉన్నా ఇంట్లో కూర్చునే నమోదు చేయవచ్చు. నా దృష్టిలో మొదటి నెలలోనే చేసి పెట్టుకోవాల్సిన పని ఇది. సెలవు పెట్టి ఆఫీసుకు పరుగెత్తే అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇక చిరునామా రాయడం. కాండో తలుపు మీద 1204 అని ఉంటుంది. అది గది నంబరు మాత్రమే. ప్రభుత్వ లెక్కల్లో ఆ ఫ్లాట్ నంబరు 99/187 లాంటిది, గీత ఇవతల స్థలం నంబరు, అవతల ఆ ఫ్లాట్ నంబరు. తబియన్ బాన్‌లో ఉండేది ఈ 99/187 నంబరే. ఒప్పందంలో ఏజెంటు 1204 అని రాసి, టీఎం30లో ఓనర్ 99/187 అని వేసి, 90 రోజుల రిపోర్టులో మనం మళ్లీ 1204 అని కొడితే అవి రెండు వేర్వేరు ఇళ్లుగా కనిపిస్తాయి. ఆన్‌లైన్ రిపోర్టు తిరస్కరణకు గురైనప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే. ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడే రెండు నంబర్లూ రాయించుకోవాలి.

నంబరు తర్వాత సోయి (సందు), రోడ్డు, ఆ తర్వాత బ్యాంకాక్‌లో అయితే ఖ్వేంగ్, ఖేత్. మిగతా రాష్ట్రాల్లో తంబోన్, అంఫో. మన లెక్కలో చెప్పాలంటే వార్డు, మండలం వంటివి. ఇంగ్లిష్‌లో స్పెల్లింగులు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి సొంతంగా టైప్ చేయకుండా, వెబ్‌సైట్ చూపించే జాబితాలోంచే ఎంచుకోవాలి. రాష్ట్రం పేరు ఇంకా ముఖ్యం. స్కైట్రైన్ సుఖుమ్‌విత్ లైన్‌లో సమ్రోంగ్ దగ్గర ఇల్లు తీసుకుంటే అది బ్యాంకాక్ కాదు, సముత్ ప్రాకాన్. అలాగే పక్కనున్న నొంథాబురి వేరే రాష్ట్రం. అద్దె తక్కువని ఒక రెండు స్టేషన్లు అవతలికి మారితే, ఇమ్మిగ్రేషన్ ఆఫీసే మారిపోతుంది. అక్కడి అలవాట్లూ అడిగే కాగితాలూ వేరేగా ఉంటాయి. అద్దె తేడాతో పాటు దీన్నీ లెక్కలో వేసుకోవాలి.

బ్యాంకాక్ వాళ్లకు ఆఫీసు చేంగ్ వత్తనాలోని ప్రభుత్వ సముదాయంలో, బిల్డింగ్ బి. ఇప్పుడు పింక్ లైన్ మోనోరైలు ఉంది కాబట్టి వెళ్లడం కాస్త నయం. సుఖుమ్‌విత్ లైన్ మీద వాట్ ఫ్రా శ్రీ మహాథాత్ దాకా వెళ్లి, అక్కడ పింక్ లైన్ ఎక్కి గవర్నమెంట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో దిగాలి. స్టేషన్ నుంచి బిల్డింగ్ దాకా ఎండలో నడవడానికి దూరమే, మోటార్‌సైకిల్ ట్యాక్సీ ఎక్కడం మేలు. పని వేళలు ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4:30. మధ్యాహ్నం 12 నుంచి 1 దాకా భోజన విరామం. పొద్దున్నే టోకెన్ తీసుకోకపోతే ఆ విరామంలో పడి రోజంతా పోతుంది. ఏప్రిల్ మధ్యలో సోంగ్‌క్రాన్ (థాయ్ కొత్త సంవత్సరం) సెలవులకు ముందు, తర్వాత రోజుల్లో రద్దీ విపరీతంగా ఉంటుంది. కంపెనీకి పెట్టుబడుల బోర్డు గుర్తింపు ఉంటే మీ పనులు ఇక్కడ కాదు, వాళ్లకు విడిగా ఉన్న సెంటర్‌లో జరుగుతాయి. ముందు హెచ్‌ఆర్‌ను అడిగి కదలండి.

టీఎం30 వేశాక ఇచ్చే రసీదు ఫారం అడుగు భాగం. కత్తిరించి, స్టాంపు వేసి, పాస్‌పోర్టులో పిన్ చేస్తారు. ఆన్‌లైన్‌లో వేస్తే రసీదు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చిన్న చీటీ, పలుచటి కాగితం, పాస్‌పోర్టు ఎయిర్‌పోర్టుల్లో నాలుగు చేతులు మారేసరికి చిరిగిపోతుంది. అది చేతికి వచ్చిన రోజే ఫోటో తీసి దాచాలి, ఓనర్‌కూ ఒక కాపీ పంపాలి. నివాస ధ్రువపత్రానికీ, ఏడాది పొడిగింపుకీ దాన్నే అడుగుతారు.

ప్రతిసారీ దేశం బయటికి వెళ్లి వచ్చినప్పుడు మళ్లీ టీఎం30 వేయాలా అన్నది ఇక్కడి విదేశీయుల నిత్య ప్రశ్న. 2020లో ఆ నిబంధన సడలించారు. అదే చిరునామాకు, రీఎంట్రీ పర్మిట్ (తిరిగి వచ్చేందుకు ముందే తీసుకునే అనుమతి) మీద గానీ మల్టిపుల్ ఎంట్రీ వీసా మీద గానీ తిరిగి వస్తే మళ్లీ వేయక్కర్లేదు. అయితే ఆఫీసు ఆఫీసుకూ అలవాటు వేరు. మధ్యలో ఫుకెట్‌లోనో చియాంగ్ మైలోనో హోటల్‌లో ఉంటే వాళ్లు తమ చిరునామా నమోదు చేస్తారు, కంప్యూటర్‌లో మన చివరి మకాం అదే అవుతుంది. అందుకే నేను పొడిగింపుకు వెళ్లే ముందు చిరునామా మళ్లీ ఒకసారి ఆన్‌లైన్‌లో వేసి, కొత్త రసీదుతో వెళ్తాను. పది నిమిషాల పని, కౌంటర్ దగ్గర వాదన ఉండదు.

90 రోజుల రిపోర్టు ఫారం టీఎం47. దేశంలో వరుసగా 90 రోజులకు మించి ఉంటే ఎక్కడ ఉంటున్నామో చెప్పాలి. మధ్యలో బయటికి వెళ్లి వస్తే లెక్క కొత్తగా మొదలవుతుంది, కొత్త ఎంట్రీ స్టాంపు నుంచి. కాబట్టి రెండు నెలలకోసారి ఇండియా వెళ్లి వచ్చేవాళ్లకు ఇది రాదు. ఫీజు లేదు. స్వయంగా అయితే గడువుకు 15 రోజుల ముందు నుంచి గడువు దాటాక 7 రోజుల దాకా ఇవ్వవచ్చు. మన తరఫున వేరొకరు తీసుకెళ్లినా సరే. ఆన్‌లైన్‌లో అలా కాదు, గడువుకు 15 రోజుల ముందు తెరుచుకుంటుంది, 7 రోజుల ముందు మూసేస్తారు. ఈ తేడా తెలియక చివరి రోజు వెబ్‌సైట్ తెరిచి కంగారుపడేవాళ్లు చాలామంది. ఆలస్యమైతే జరిమానా 2,000 బాత్‌లు. మొదటి రిపోర్టు మాత్రం ఆఫీసులోనే ఇవ్వాలి, ఆ తర్వాతే ఆన్‌లైన్ పనిచేస్తుంది.

ఆన్‌లైన్ తెరుచుకున్న మొదటి రోజే పంపేయండి. తిరస్కరణ వస్తే సరిచేసి మళ్లీ పంపడానికి వారం ఉంటుంది, అదీ కుదరకపోతే ఆఫీసుకు వెళ్లడానికి ఇంకో రెండు వారాలు. ఆమోదం వచ్చాక ఈమెయిల్‌లో వచ్చే రసీదు మీద తర్వాతి తేదీ ఉంటుంది. వేళ్ల మీద లెక్క పెట్టుకోకుండా ఆ తేదీనే ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోవాలి. థాయ్ భాషలో ఉన్న కాగితాల్లో సంవత్సరం బౌద్ధ శకంలో ఉంటుంది, 543 తీసేస్తే మన సంవత్సరం వస్తుంది. 2568 అంటే 2025. ఒప్పందం గడువు ‘31/3/69’ అని ఉంటే అది 2026 మార్చి.

మన తెలుగువాళ్లకు విడిగా ఇంకో ఇబ్బంది, పేరు. ఇంటిపేరు, వెంకటతో మొదలయ్యే రెండు మూడు పేర్లు, చివర కుమార్ గానీ రెడ్డి గానీ. పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, కొందరికి నాన్నగారి పేరు, కొందరికి ఖాళీ. ఇక్కడి ఫారాల్లో ఇంటిపేరు, మొదటి పేరు, మధ్య పేరు అని మూడు గడులుంటాయి. ఏది ఎందులో అని మన బుద్ధితో విడగొట్టకూడదు. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలు ఉంటాయి. ఇమ్మిగ్రేషన్ యంత్రం తీసుకునేది అవే. మొదటి వరుసలో పేరుకు 39 అక్షరాల చోటే ఉంటుంది కాబట్టి చాలా పొడవైన పేర్లు అక్కడ కుదించుకుపోతాయి. ఆ వరుసలో ఎలా ఉందో అలాగే, లేదా కౌంటర్‌లో ఇచ్చిన మొదటి రసీదు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి. టీఎం30 వేసే ఓనర్‌కూ ఆ ఫోటోయే పంపాలి, నోటితో చెప్పకూడదు. బ్యాంకు అకౌంటు, ఫోన్ సిమ్ రెండూ కూడా అదే పేరుతో తీసుకుంటే తర్వాత మొబైల్ బ్యాంకింగ్‌లో తంటా ఉండదు.

ఏడాది పొడిగింపు, ఫారం టీఎం7, ఫీజు 1,900 బాత్‌లు. కంపెనీ కాగితాలు వాళ్లు చూసుకుంటారు. మనం చూసుకోవాల్సింది ఫోటో. 4×6 సెంటీమీటర్ల సైజు కావాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న పాస్‌పోర్టు సైజు ఫోటోలు పనికిరావు. పాస్‌పోర్టులో ఫోటో పేజీ, వీసా, చివరి ఎంట్రీ స్టాంపు, పాత పొడిగింపులు అన్నీ జెరాక్స్ తీసి, ప్రతి పేజీ కింద సంతకం చేయాలి. సంతకం లేని ఒక్క పేజీకి మళ్లీ వరుసలో నిలబడాల్సి వస్తుంది. భార్యాపిల్లలు మన మీద ఆధారపడి ఉంటే పెళ్లి సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్ కావాలి. అవి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించి, థాయ్‌లోకి అనువాదమై, చేంగ్ వత్తనా రోడ్డులోనే ఉన్న విదేశాంగ శాఖ కాన్సులర్ విభాగం ముద్ర పడాలి. పెళ్లి సర్టిఫికెట్‌లో అమ్మాయి పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉండటం మనవాళ్లలో మామూలు. ఇక్కడి అధికారికి అది మామూలు కాదు. ఇండియాలో ఉండగానే సరిచేసుకుంటే సులువు, ఇక్కడికి వచ్చాక నెలల పని.

పొడిగింపు వచ్చిన రోజే, అదే భవనంలో, రీఎంట్రీ పర్మిట్ కూడా తీసుకోండి. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. అది లేకుండా దేశం దాటితే ఏడాది పొడిగింపు అక్కడికక్కడే రద్దవుతుంది, మళ్లీ కొత్త వీసాతో మొదలుపెట్టాలి. ఒక్కసారికి 1,000 బాత్‌లు, ఎన్నిసార్లైనా వెళ్లి రావడానికి 3,800. ఫారం టీఎం8, మళ్లీ 4×6 ఫోటో. ఏడాదికి ఒక్కసారే వెళ్తాం కదా అని ఒంటి పర్మిట్‌తో సరిపెట్టుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు ఫోన్ ఎప్పుడు వస్తుందో తెలియదు. అర్ధరాత్రి హైదరాబాద్ విమానానికి పరుగెత్తే మనిషి స్టాంపుల గురించి ఆలోచించే స్థితిలో ఉండడు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో డిపార్చర్ వైపు రీఎంట్రీ కౌంటర్ ఉంది, ఆ సంగతి గుర్తుంచుకోండి, కానీ దాని మీద ఆధారపడకండి. 3,800 కట్టేసి ఏడాదంతా నిశ్చింతగా ఉండటమే మంచిది.

తిరిగి వచ్చేటప్పుడు 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగడానికి ముందు 3 రోజుల్లో, ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. అందులోనూ అదే 99/187 చిరునామా.

అమ్మానాన్న వచ్చి మన ఇంట్లో ఉన్నా టీఎం30 వేయాలి. వాళ్లు ఏ వీసా మీద వచ్చినా సరే, ఇల్లు మన స్వాధీనంలో ఉంది కాబట్టి ఆ పని మనదే. ఆన్‌లైన్ అకౌంటు ఉంటే వాళ్లు ప్రయాణం అలసట తీర్చుకునేలోపు అయిపోతుంది. ఎంట్రీ స్టాంపు పేజీ ఫోటో తీసుకుంటే చాలు.

చివరగా పాస్‌పోర్టు గడువు. పొడిగింపును పాస్‌పోర్టు గడువు దాటి ఇవ్వరు. అయిదు నెలలే మిగిలి ఉంటే అయిదు నెలలకే స్టాంపు వేస్తారు, 1,900 మాత్రం పూర్తిగా కట్టాలి. అందుకే పొడిగింపు తేదీకి ముందే కొత్త పాస్‌పోర్టు చేతిలో ఉండేలా చూసుకోవాలి. అది వచ్చాక పాత దాన్ని పారేయకుండా రెండూ తీసుకుని ఇమ్మిగ్రేషన్‌కు వెళ్లి పాత స్టాంపులు కొత్తదానిలోకి మార్పించుకోవాలి. కొన్ని ఆఫీసులు ఎంబసీ లెటర్ అడుగుతాయి, వెళ్లేముందే ఫోన్ చేసి కనుక్కోండి. స్టాంపులు మారాక కొత్త నంబరుతో టీఎం30 మళ్లీ వేయాలి, తర్వాత వర్క్ పర్మిట్‌లో నంబరు, ఆ తర్వాత బ్యాంకు. ఈ వరుస తప్పకూడదు, ఎందుకంటే ప్రతి చోటా అంతకుముందు చోటి స్టాంపు చూస్తారు. ఆ తర్వాత వచ్చే మొదటి 90 రోజుల రిపోర్టు మళ్లీ ఆఫీసులోనే ఇవ్వాలి, కొత్త నంబరుకు ఆన్‌లైన్ అప్పటినుంచే తెరుచుకుంటుంది.